పిల్లలు అడుగుతున్నారు



స్మారకోపన్యాసం అనగానే ఎవరి పేరిట మాట్లాడుతున్నామో వారి గుణగణాలు ఓ పావుగంట వర్ణించి, ఆ తర్వాత అసలు విషయానికి రావడం మన ఆనవాయితీ. డాక్టరమ్మగారికి పొగడ్త గిట్టేది కాదు కాబట్టి అది మానేస్తున్నాను. ఊరంతా ఆమెను డాక్టరమ్మగారనే పిలిచింది, నేనూ అలాగే అంటాను. పురుళ్ళు పోసే ఆసుపత్రి వసారాలో శనివారం మధ్యాహ్నాలు ఆమె ఒక బల్ల వేసుకుని కూర్చునేవారు. పెళ్ళికాని పిల్లలు ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు. ఓపీ చీటీ అక్కర్లేదు, ఫీజు లేదు, పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఇవాళ మనల్ని ఇక్కడికి పిలిచిన స్వచ్ఛంద సంస్థ ఆ బల్ల దగ్గరే పుట్టింది. యువత లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం మీద మాట్లాడమని నన్ను అడిగారు. ఆహ్వానపత్రికలో మాత్రం 'యువత ఆరోగ్యం' అని అచ్చయింది. మధ్యలో మాటలు ఎక్కడ జారిపోయాయో ప్రెస్సు వాళ్ళను నేను అడగలేదు.

మొన్న డిసెంబరులో ఈ సంస్థ కార్యకర్తలు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఆడపిల్లలకు ఒక గది, మగపిల్లలకు ఇంకో గది. ముందు బల్ల మీద చెప్పుల డబ్బా, దాని మూతకి కత్తెరతో కోసిన చీలిక. ప్రతి ఒక్కరికీ ఒక తెల్ల చీటీ ఇచ్చారు. ప్రశ్న ఉన్నవాళ్ళు ప్రశ్న రాయాలి, లేనివాళ్ళు 'ఏమీ లేదు' అని రాయాలి. అందరూ రాస్తారు, అందరూ డబ్బాలో వేస్తారు, అందుకని ఫలానా పిల్ల ఏదో అడిగిందని పక్క పిల్లకి తెలియదు. ఈ చిన్న ఏర్పాటు వెనక ఎంత ఆలోచన ఉందో చీటీలు విప్పాక తెలిసింది.

'మా అక్కకి పన్నెండేళ్ళకే వచ్చింది. నాకు పదిహేను నిండాయి, ఇంకా రాలేదు. నాకు పిల్లలు పుట్టరా?' 'ఆ మూడు రోజులు పచ్చడి జాడీ ముట్టుకుంటే బూజు ఎందుకు పడుతుంది మేడమ్?' పక్క గదిలో మగపిల్లలవి వేరే దిగుళ్ళు. 'నిద్రలో బట్టలు పాడవుతున్నాయి, ఇది నరాల బలహీనతా?' 'ఒక్క చుక్క పోతే వంద చుక్కల రక్తం పోయినట్టేనా?' జవాబులు సాదాగా చెప్పారు. పదిహేను నిండినా నెలసరి మొదలు కాకపోతే ఒకసారి డాక్టరుకి చూపించాలి, చాలాసార్లు కంగారు పడాల్సింది ఉండదు. జాడీకి బూజు పట్టేది తడి చేతివల్ల, ఆ చెయ్యి ఎవరిదైనా ఒకటే. నిద్రలో జరిగేది ఆ వయసులో మామూలు, దానికీ నరాలకీ, నెత్తురికీ సంబంధం లేదు.

ఒక చీటీని పాఠం చెబుతున్న అమ్మాయి పైకి చదవలేదు. చదువుకుని, మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత పాఠం ఆపి, ఎవరైనా మీకు ఇష్టం లేకుండా ముట్టుకుంటే తప్పు మీది కాదని, చుట్టాలైనా సరే కాదని చెప్పి, బోర్డు మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని పెద్దగా రాసింది. గంట కొట్టినా వెళ్ళిపోకుండా వరండాలోనే నిలబడింది. ఆ చీటీలో ఏముందో నేను అడగలేదు.

ఇదే ఊళ్ళో ఆడపిల్ల పెద్దమనిషయితే వీధి మొగలో ఫ్లెక్సీ కడతాం. పిల్ల ఫొటో, పక్కన మేనమామ ఫొటో, పైన నియోజకవర్గ నాయకుడి ఫొటో. షామియానా వేసి, మైకు పెట్టి, చిమ్మిలి పంచి ఊరందరికీ చాటిన సంగతిని ఆ పిల్లకి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. మగపిల్లాడికి ఆ ఫ్లెక్సీ కూడా ఉండదు. వాడికి మిగిలింది బస్టాండు మూత్రశాల గోడ మీద రహస్య వ్యాధుల ప్రకటన, ఫలానా వారం ఫలానా లాడ్జిలో దొరికే వైద్యుడు. ఇప్పుడు ఆ గోడ జేబులోకి వచ్చింది, ఫోనులో అరచేతి మీదే కనిపిస్తోంది. ఎనిమిదో తరగతిలో కౌమారదశ పాఠం ఉంది, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. పుప్పొడి రేణువులదాకా హుషారుగా సాగిన పాఠం మనిషి దగ్గరికి వచ్చేసరికి 'ఇది మీరే చదువుకోండి, పరీక్షలో రాదు' అన్న మాటతో ముగిసిపోవడం మనలో చాలామందికి అనుభవమే.

ఇంత మొహమాటపడే మనం ఇదే విషయం మీద పథకాలకు మాత్రం ఎన్నడూ మొహమాటపడలేదు. నా ఫిర్యాదు అక్కడే. యువతీ యువకుల ఒంటి గురించి ఈ దేశంలో జరిగిన పనిలో సింహభాగం వేరెవరి అవసరం కోసమో జరిగింది. వాళ్ళకేం తెలుసుకోవాలని ఉందో అడిగినవాళ్ళు తక్కువ, అడిగి జవాబిచ్చినవాళ్ళు ఇంకా తక్కువ, అలా జవాబిచ్చినవాళ్ళను మనం కోర్టుకీడ్చాం.

బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అనే లెక్కల ప్రొఫెసరు 1921లో సంతాన నిరోధక క్లినిక్ తెరిచాడు. 1927లో 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక మొదలుపెట్టి, చనిపోయిన 1953దాకా నడిపాడు. 1934లో ఆయన మీద అశ్లీలత కేసు నడిచింది. చేసిన నేరం పాఠకుల లైంగిక సందేహాలకు పత్రికలో జవాబులివ్వడం. ఆయన తరఫున వాదించిన వకీలు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. కేసు ఓడిపోయారు. ప్రశ్న వేసినవాడి పక్షాన అంబేడ్కర్ నిలబడ్డాడన్న సంగతి మాత్రం ఆయన విగ్రహాలకు దండలు వేసే మన సభల్లో వినబడదు.

ఆ తర్వాత 1949లో ధన్వంతీ రామారావు, ఆవాబాయి వాడియా లాంటివాళ్ళు భారత కుటుంబ నియంత్రణ సంఘం పెట్టారు. 1952లో బొంబాయి సదస్సులోనే అంతర్జాతీయ సమాఖ్య కూడా పుట్టింది. వాళ్ళ శ్రమకు దండం పెట్టాల్సిందే. అయితే ప్రభుత్వం ఆ పనిని అందుకున్నాక అది జనాభా లెక్కయిపోయింది. ఎమర్జెన్సీలో జరిగిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత బలవంతం తగ్గినా లెక్క తగ్గలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంటే 2019-21 నాటికి, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది, తెలంగాణలో 62 శాతం మందికి. దేశం మొత్తం మీద 38 శాతమే. మగవాళ్ళ ఆపరేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. పిల్లకీ పిల్లకీ మధ్య ఎడం పెట్టుకునే పద్ధతుల వాడకం మన దగ్గర నామమాత్రం. చదువు ఆపి పెళ్ళి చేస్తారు, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అన్నీ పాతికేళ్ళ లోపే. అదే సర్వేలో, 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్ధెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైచిలుకు. 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో అప్పటికే తల్లయినవాళ్ళో గర్భంతో ఉన్నవాళ్ళో ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశ సగటు 6.8.

1994లో కైరోలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, ఇకమీదట లెక్కలు కాదు, మనిషి హక్కులూ ఆరోగ్యమూ ముఖ్యం అని ఒప్పుకున్నాయి. సరిగ్గా అదే ఏడాది మన రాష్ట్రం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికలకు అనర్హులని పంచాయతీరాజ్ చట్టంలో రాసుకుంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అంటున్నారు. ముప్పై ఏళ్ళలో సలహా తిరగబడింది. కనాల్సిన పిల్లని మాత్రం అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

ఎయిడ్స్ రోజుల్లోనూ అంతే. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని రాష్ట్రమంతా హోర్డింగులు పెట్టారు. పిల్లలు ఆ మాటను ఆటగా అరుచుకుంటూ తిరిగారు. జనం నోట్లో నానింది, కాదనను. కాని కండోమ్ పేరు అప్పుడు రోగంతో కలిసి ఇళ్ళల్లోకి వచ్చింది. ఇవాళ్టికీ మెడికల్ షాపులో దాన్ని నల్ల కవర్లో చుట్టి ఇస్తారు.

అన్నిటికంటే ఎక్కువ సేపు నేను ఆగాలనుకున్నది ఖమ్మం దగ్గర. 2009 జూలైలో పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేయడం మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళ వాళ్ళు. టీకా వేసుకున్నవాళ్ళలో కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, 2010 ఏప్రిల్లో కేంద్రం ఆ కార్యక్రమం ఆపేసింది. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలిన సంగతి ఇంకొకటి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, 1,948 పత్రాల మీద వేలిముద్రలు. పిల్లల అమ్మానాన్నలు భద్రాచలం అడవిలో, పోడు పొలాల్లో ఉంటే వార్డెను కలం తీసి సంతకం పెట్టేశాడు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి ఆ టీకా కాపాడుతుంది. నా మనవరాలికి వేయించమని ఇంట్లో పోరింది నేనే. కాని మంచి మందు చేతిలో ఉంది కదా అని అడక్కుండా పొడిచేస్తే, ఆ తర్వాత ఎన్నేళ్ళు అడిగినా జనం గుమ్మం తెరవరు. లైంగిక ఆరోగ్యంలో అంగీకారం గురించి పిల్లలకు పాఠాలు చెప్పే సంస్థలు ముందు తమ అంగీకార పత్రాలు చూసుకోవాలి. ఈ మాట ఈ వేదిక మీద ఉన్న సంస్థకూ వర్తిస్తుంది, వాళ్ళు నొచ్చుకున్నా సరే.

మరి సరైన దారి ఏది? నాకు కనబడేది ఢిల్లీలో తార్షి చేసిన పని. రాధికా చాందిరమణి అనే క్లినికల్ సైకాలజిస్టు 1996లో ఆ సంస్థ పెట్టి, టెలిఫోన్ సలహా కేంద్రంతో మొదలుపెట్టారు. పేరు అడగరు, తిట్టరు, నీతులు చెప్పరు. పుష్కరకాలం పైగా నడిచిన ఆ ఫోనుకి 60,000కు మించి పిలుపులు వచ్చాయి. వాటిలో ఎక్కువ మగవాళ్ళవి. ఆడవాళ్ళ ఆరోగ్యం అనుకుని మనం మొదలుపెట్టే పనిలో మగపిల్లాడి భయాన్ని ఎలా వదిలేస్తున్నామో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆ ప్రశ్నలు విన్నాకే వాళ్ళు పుస్తకాలు రాశారు. చిన్నపిల్లలకు ఎర్ర పుస్తకం, పెద్దపిల్లలకు నీలం పుస్తకం, తల్లిదండ్రులకు పసుపుపచ్చ పుస్తకం. ముందు వినడం, తర్వాత రాయడం. మనకూ ఈ మార్గం కొత్త కాదు. విజయవాడ డాక్టర్ సమరంగారు వారపత్రికల్లో దశాబ్దాలపాటు చేసిందిదే. ఆ పేజీని ఇంట్లో అందరూ చదివేవాళ్ళు, చదివినట్టు మాత్రం ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు.

బడిలో ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారన్న వాదనను నేను తోసిపుచ్చను, అది తల్లిదండ్రుల బెంగ. 2009లో ఎం. వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల సంఘం బడుల్లో లైంగిక విద్య వద్దనే నివేదిక ఇచ్చింది. అంతకు ముందే కొన్ని రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. కాని ప్రపంచవ్యాప్త అధ్యయనాలను పరిశీలించి 2018లో యునెస్కో చెప్పింది వేరు. ఇలాంటి పాఠాలవల్ల పిల్లల్లో తొందరపాటు పెరగలేదు, కొన్నిచోట్ల లైంగిక సంబంధం మొదలయ్యే వయసు ఆలస్యమైంది. జార్ఖండ్‌లో 2006 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 'ఉడాన్' అనే ఇలాంటి పాఠాల కార్యక్రమం నడుస్తోంది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దాన్నే మంచి ఉదాహరణగా చూపించింది. ఆ బడులేమీ మూతపడలేదు.

చట్టం చిక్కు ఒకటుంది. పోక్సో చట్టం ప్రకారం పద్ధెనిమిది లోపు పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. అందుకని ఆ పిల్ల డాక్టరు దగ్గరికి రాదు, మెడికల్ షాపులో మాత్రలు కొని మింగి నెత్తురు పోతుంటే వస్తుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు పోలీసు నివేదికలో చెప్పక్కర్లేదని స్పష్టం చేసింది. ఈ సంగతి మన జిల్లాలో ఎంతమంది డాక్టర్లకు తెలుసో ఆరోగ్యశాఖ కనుక్కోవాలి. ఆశా కార్యకర్తలకు తెలియజేయాల్సిన బాధ్యత కూడా వాళ్ళదే.

ఈ స్మారకోపన్యాసపు ట్రస్టు మూలధనం మీద ఏటా వచ్చే వడ్డీని దండలకీ శాలువాలకీ ఖర్చుపెట్టవద్దని ధర్మకర్తలను కోరుతున్నాను. దాంతో మగపిల్లలతో మాట్లాడగలిగిన ఒక కుర్రాడిని జీతానికి పెట్టండి. ఇప్పుడున్న కార్యకర్తలందరూ ఆడపిల్లలే, పక్క గదిలోకి వెళ్ళడానికి మనిషి చాలడం లేదు. సభలో నలుగురు హెడ్మాస్టర్లు కనబడుతున్నారు. వచ్చే జూన్‌లో బడులు తెరిచాక ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు నెలకొక పీరియడ్ ఇవ్వండి. అంతకు ముందు తల్లిదండ్రులను పిలిచి ఏం చెబుతామో చూపించండి, వాళ్ళ సంతకాలు వాళ్ళచేతే పెట్టించండి. చీటీలు, డబ్బా సంస్థవాళ్ళే తెచ్చుకుంటారు.