సీసాలో ఇసుక

పట్టాలందుకున్న బిడ్డలకూ, చెమటోడ్చి చదివించిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్లు పారాకే బోధన్ చుట్టూ చెరకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ లేచింది. ఆ ఆనకట్టను కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. హైదరాబాద్ సర్కారే స్కాలర్‌షిప్ ఇచ్చి ఆయన్ని ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీకి పంపింది. ఆ కాలేజీని పెట్టిందే మన దేశపు ప్రజాపనుల శాఖకు ఇంజినీర్లను తయారుచేయడానికి. తిరిగొచ్చాక ఆయన సర్కారు ప్రజాపనుల శాఖలోనే చేరారు. చదువు చెప్పేవాళ్లూ పని ఇచ్చేవాళ్లూ ఒక్క మాట మీదుంటే ఏమవుతుందో మన పొలాలే చెబుతాయి.

ఇవాళ సివిల్ ఇంజినీరింగ్ అంటే పిల్లలు జంకుతున్నారు. వాళ్లను తప్పుపట్టను. కంప్యూటర్ ఇంట్లోనే కనబడుతుంది. మన పని మాత్రం రేకుల కంచె వెనకాల జరుగుతుంది.

నేను ఈ పనిలో నిలిచిపోయింది ఒక సీసా వల్ల. కొలువులో చేరిన కొత్తలో కాలువ లైనింగ్ దగ్గర మేస్త్రీ గాజుసీసాలో సగం ఇసుక పోసి, నీళ్లు నింపి, గట్టిగా ఊపి గట్టు మీద పెట్టాడు. కాసేపటికి ఇసుక అడుగున నిలిచింది. దాని మీద వేలెడు మందాన బురద పేరుకుంది. "గీ ఇసుక పనికిరాదు సారూ, వాపస్ పంపుండ్రి" అన్నాడు. పుస్తకంలో చదివిందేమిటో ఆరోజు నాకు అర్థమైంది.

అందుకే కంపెనీల పెద్దలకు నా విన్నపం: ఉద్యోగాలిచ్చేందుకు ఆఖరి ఏడాదిలో రావడం కాదు, మొదటి ఏడాదిలోనే సైటు గేటు తెరవండి. స్టైపెండ్ ఇచ్చి, చేతికి పని ఇవ్వండి. అధ్యాపకులారా, ఆ సైటు పని రోజులకు తగ్గట్టు టైంటేబుల్ మార్చండి, మేస్త్రీని తరగతికి పిలవండి.

బిడ్డలారా, మీకూ ఒక పని అప్పగిస్తున్నాను. ఒకప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్, పూడిక చేరి ఇప్పుడు దాదాపు 18కి దిగింది. ఆ పూడిక లెక్క తేల్చాల్సినవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో తొమ్మిదో తరగతి చదువుతున్నారు. మీ పాత బడికి వెళ్లండి. ఒక సీసా, గుప్పెడు ఇసుక పట్టుకెళ్లండి. ఊపేది మాత్రం ఆ పిల్లల చేతే ఊపించండి.