మోంతాయూ గ్రామ దస్తరము



ఫ్రాన్సు దేశమున, స్పెయిను సరిహద్దునగల పిరనీసు పర్వతములలో, ఆరియేజ్ మండలమందు మోంతాయూ అను కుగ్రామమొకటి కలదు. నేడు అచ్చట కాపురముండువారు కొలదిమందియే. ఏడువందల యేండ్ల క్రిందట రమారమి 250 మంది యుండిరి. గొఱ్ఱెలు కాచుట, కొండచఱియలలో చిన్న చేలు దున్నుట వారి జీవనము. అట్టి ఊరిపేరు లోకమెరుగుటకు రాజుగాని యుద్ధముగాని కారణము కాదు. ఒక విచారణ దస్తరము కారణము.

ఆ ప్రాంతమున కాథరులను మతస్థులుండిరి. ఈ కనబడు ప్రపంచము దుష్టశక్తి సృష్టియని వారి నమ్మకము. రోము మతాధికారులకది పాషండము. ఆక్స్ పట్టణమున దస్తావేజులు వ్రాయు వృత్తిలోనుండిన పియేర్ ఓతియే యనునాతడు ఆ వృత్తి విడిచి, ఇల్లిల్లు తిరిగి రహస్యముగా ఆ మతమును బోధించెను. 1310లో సజీవదహనము పాలయ్యెను. అంతకు రెండేండ్ల ముందే, 1308లో, మోంతాయూలోని పెద్దలనందరిని ఒక్కమారుగా నిర్బంధించిరి.

1318 మొదలు 1325 వరకు పామియే బిషప్పు జాక్ ఫూర్నియే మరల విచారణ సాగించెను. 370 దినములు కొలువుదీరి, 578 మారులు ప్రశ్నించెను. రైతులు తమ ఒక్సితాన్ భాషలో చెప్పిన వాఙ్మూలములను లేఖకులు లాటినులో వ్రాసిరి. వ్రాతపని యెరిగినవారు ఆతని శ్రద్ధను మెచ్చుకొనకుండలేరు. అది యెందులకు వినియోగపడెనో తలచినప్పుడు మనస్సు క్రుంగును. ఆ ఊరివాడైన గియోం ఫోర్ 1321లో దహింపబడెను.

అయినను ఆ పుటలలో ఊరంతయు సజీవముగానున్నది. ఎండలో కూర్చుండి పేలు చూచుకొనుచు ఊసులాడు స్త్రీలున్నారు. చలికాలమున మందలను కతలోనియా వైపు తోలుకొనిపోయి, వేసవికి మరల కొండలెక్కించు కాపరి పియేర్ మోరీ యున్నాడు. కోటాధికారి వితంతువైన బేయాత్రీస్ సంచిలో మనుమల బొడ్డుత్రాళ్లు దొరకినవి. అవి దగ్గరనున్నచో వ్యాజ్యమున ఓటమి కలుగదని ఆమెకెవరో చెప్పిరట! ఊరి చర్చి గురువు పియేర్ క్లెర్గ్ ఒకవంక ఊరివారిని మతాధికారులకు పట్టియిచ్చుచు, మరొకవంక ఆ నిషిద్ధమతస్థులతోనే చెలిమి చేసినవాడు. చదువెరిగినవారిని వ్రేళ్లపై లెక్కింపదగిన గ్రామమది. తమ మాట తాము వ్రాసికొనలేని ఆ కాపరుల, వితంతువుల పలుకులు శత్రువు వ్రాయింపబట్టి నిలిచినవి.

ఫూర్నియే 1334లో పన్నెండవ బెనెడిక్టు అను పేర పోపు అయ్యెను. దస్తరము వాటికన్ గ్రంథాలయమునకు చేరినది. 1965లో జాఁ దువెర్నువా లాటిను మూలమును మూడు సంపుటములుగా ప్రకటించెను. దానిని ఆధారము చేసికొని ఎమాన్యుయేల్ ల రువా లదూరీ వ్రాసిన గ్రంథము 1975లో వెలువడి, దేశదేశముల పాఠకులను ఆకర్షించెను.

కాపరి మోరీకి 1324లో కారాగారవాసము విధింపబడెను. కొండపై కోట నేడు మొండిగోడలుగా నిలిచియున్నది. ఊరు దాని దిగువకు జరిగినది.