పచ్చబడిన చెరువు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మొన్న వేసవిలో మా తల్లిగారి ఊరు పాలకుర్తికి వెళ్ళాను. తెల్లవారుతూండగా చిన్నమ్మతో కలిసి చెరువుకట్ట మీదికి పోతే, నీళ్ళు గోరింటాకు ముద్ద కలిపినట్టు చిక్కగా, పచ్చగా ఉన్నాయి. కొన్ని చేపలు నోళ్ళు తెరుచుకుని పైపైనే కొట్టుకుంటున్నాయి. కొన్ని తేలిపోయి ఉన్నాయి. "ఎవలో మందు కలిపిన్రేమోనే బిడ్డా" అంది చిన్నమ్మ.

మందు ఎవరూ కలపలేదు. ఆ పచ్చదనమంతా నాచు. అది ప్రతి చెరువులోనూ కొద్దిగా ఉంటుంది, ఉండాలి కూడా. సన్నని పురుగులు నాచును తింటాయి, పురుగుల్ని చేపపిల్లలు తింటాయి, చేపల్ని కొంగలు తింటాయి. కాని పొలాల్లో చల్లిన యూరియా, డీఏపీ వానకు కొట్టుకొచ్చి, ఇళ్ళ మురుగునీళ్ళు కూడా తోడైతే నత్రజని, భాస్వరం నీటిలో పేరుకుంటాయి. దానికి ఎండ కలిస్తే కొద్ది రోజుల్లోనే నాచు చెరువంతా కమ్ముకుంటుంది.

పగలు నాచు ప్రాణవాయువు విడుస్తుంది. రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు. నాచు చచ్చి కుళ్ళేటప్పుడు మిగిలిన ప్రాణవాయువూ ఖర్చయిపోతుంది. చేపలు పోతే వాటిమీద బతికే పక్షులూ ఆ చెరువు విడిచిపోతాయి.

ఇంకో ప్రమాదముంది. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని విషం పుట్టిస్తాయి. 2020లో ఆఫ్రికాలోని బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోతే, నీటిగుంటల్లోని ఇలాంటి విషమే కారణమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. 2014లో అమెరికాలోని టొలీడో నగరంలో కుళాయి నీళ్ళలోకే ఈ విషం వచ్చింది. దాదాపు 4 లక్షల మందిని ఆ నీళ్ళు తాగవద్దన్నారు, కాచి కూడా తాగవద్దన్నారు. కాస్తే క్రిములు చస్తాయి గాని ఈ విషం పోదు. ఈ సంగతి మనం బాగా గుర్తుంచుకోవాలి.

పచ్చనీళ్ళన్నీ విషమని కాదు. అయితే ఏది విషమో చూసి చెప్పలేం. కనుక అలాంటి నీళ్ళలో పిల్లల్ని దించకండి, పశువుల్ని తాగనివ్వకండి. అగ్గువకు వచ్చాయని తేలిన చేపలు కొని వండకండి.

పట్నంలో ఉన్న మనకేమిటి అనుకోవద్దు. ఒకనాడు హైదరాబాదుకు తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ పచ్చబడి కంపుకొట్టింది పొలాల ఎరువుతో కాదు, నగరపు మురుగుతోనే. బట్టలకు సబ్బుపొడి గుప్పెడు గుప్పెడు పోయకుండా కొలిచి వేద్దాం. భాస్వరం లేనిది దొరికితే అదే కొందాం. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోద్దాం. మన కాలనీ కాలువ శుద్ధి లేకుండా ఏ చెరువులో పడుతుందో కనుక్కుని, నలుగురం కలిసి మున్సిపాలిటీని అడుగుదాం.

మా పెద్దలు వేసవిలో చెరువు పూడికమట్టిని బండ్లమీద పొలాలకు తోలేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ ఆ పని జరిగింది. అడుగున పేరుకున్న భాస్వరం అలా తిరిగి చేలకే చేరుతుంది.

ఇదంతా విని చిన్నమ్మ, "అయితే మందు మనమే కలిపినమన్నట్టు" అంది. అంతే మరి!