బోరుబావులు - బాలరక్షణ ధర్మము



భారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. పసితనమున చేసిన తప్పునకు తనకు కొఱత శిక్ష విధించిన యమధర్మరాజును ఆ ముని నిలదీసి, పదునాలుగేండ్లలోపు బాలురకు పాపమంటదని కట్టడ చేసెను. ధర్మదేవతయే శాపమునకు లోనై విదురుడుగా పుట్టవలసివచ్చెను. బాలునియందు దోషము లేదన్నచో, బాలునకు కలిగిన హానికి పెద్దలే జవాబుదారులు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మెట్టభూములలో రైతు నీటికై బోరుమీద బోరు వేయుచున్నాడు. నీరు పడనిచో కేసింగు గొట్టమును మఱియొక బోరునకై పెఱికికొనుట వాడుక. పిమ్మట మిగులునది జానెడు నోరు, వందల అడుగుల చీకటి. అప్పుచేసి వేసిన బోరు వట్టిపోయిన రైతు దుఃఖము చిన్నది కాదు. కాని ఆ దుఃఖమున మూత మఱచినచో అంతకు మించిన దుఃఖము కాచుకొని యుండును. 2017 జూన్ నెలలో చేవెళ్ల సమీపమున ఇక్కారెడ్డిగూడెములో ఏడాదిన్నర పాప, 2020 మే నెలలో మెదక్ జిల్లా పోడ్చనపల్లిలో మూడేండ్ల బాలుడు ఇట్లే బలియైరి. రెండవది క్రొత్తగా వేసిన బోరు. పాడుబడినదే ప్రమాదమని తలపరాదు.

2010 ఫిబ్రవరి 11వ తేదీన సుప్రీంకోర్టు దీనికి విధులు నిర్ణయించినది. బోరు వేయుటకు 15 దినములు ముందుగా యజమాని అధికారులకు వ్రాతమూలముగా తెలుపవలెను. పని జరుగుచోట ముండ్లతీగ కంచె, యజమాని పేరును బోరు వేయువారి పేరును గల పలక యుండవలెను. గొట్టముచుట్టు నేలపై 30, నేలలో 30 సెంటీమీటర్ల సిమెంటు దిమ్మె కట్టి, ఇనుపమూతను వెల్డింగుతోనో బోల్టులతోనో బిగింపవలెను. మోటారు మరమ్మతువేళను సైతము తెఱచి విడువరాదు. విడిచిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగునుండి నేలమట్టము వఱకు పూడ్పవలెను. పల్లెలలో పర్యవేక్షణము సర్పంచి, వ్యవసాయశాఖాధికారులది. తనిఖీచేయు అధికారము కలెక్టరుది.

నిర్లక్ష్యమువలన ప్రాణము పోయినచో, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను ప్రకారము ఐదేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చును. అయినను ఖైదు పోయిన బిడ్డను తేజాలదు. కొన్ని బండ్ల మట్టి ముందే బోసినచో ఆ బిడ్డ బడికి పోవును.

కావున గ్రంథాలయమునం దొక పుస్తకము తెఱచి, సర్వే నెంబరువారీగా ఊరిలోని మూయని బోరులను అందు వ్రాసి, పంచాయతికి అందజేయుట మేలు. పూడ్చిన బోరు పేరు కొట్టివేయుచు రావలెను. చివరి పేరు కొట్టివేసిన దినమే ఈ రజతోత్సవము సార్థకము.