సంగపోడు, గెజినుంగ్

నేను సూర్యాపేట దిక్కు పుట్టి, జర్మనీలో స్థిరపడ్డవాణ్ని. ఈ పూట రెండే మాటల గురించి చెప్తాను.

మా నాయనమ్మ ఎవరి గురించైనా చెప్పేటప్పుడు కులమూ ఊరూ అయ్యాక “ఆయన సంగపోడు” అనేది. సంగమంటే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ, ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో దాని మొదటి సభకు అధ్యక్షుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది పల్లెల్లోకి దిగింది, చేతికి గుత్పలొచ్చాయి. చరిత్రకారులు అందులోనివాళ్లను అతివాదులు, మితవాదులు అని విడదీసి రాశారు. నల్లగొండ రైతుకు ‘సంగపోడు’ అనే ఒక్క మాట చాలింది.

జర్మన్‌లో దీనికి దగ్గరి మాట గెజినుంగ్. మనం దాన్ని భావజాలం అని అనువదిస్తాం. నాకది ఒప్పుదల కాదు. భావజాలం పుస్తకాల్లో ఉంటుంది, పార్టీ పత్రాల్లో ఉంటుంది. గెజినుంగ్ మనిషిలో ఉంటుంది. దాని నడుమ ఉన్న ‘జిన్’ అనే ముక్కను చూడండి. గడియారం ముల్లు తిరిగే దిక్కును జర్మన్లు ‘ఊర్‌ట్‌సైగర్‌జిన్’ అంటారు. అంటే జిన్‌కు ‘అర్థం’ అనీ ఉంది, ‘దిక్కు’ అనీ ఉంది. “ఆయన మనసు సంగం దిక్కే” అని మావాళ్లన్నది సరిగ్గా అదే. అనువాదకులు ఈ ‘దిక్కు’ను వదులుకోవద్దని నా విన్నపం.

1919 జనవరిలో మ్యూనిక్‌లో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఒక ప్రసంగం చేశాడు. నమ్మినదానికి కట్టుబడే నీతి ఒకటి, దానివల్ల జరగబోయేదానికి జవాబు చెప్పుకునే నీతి ఇంకొకటి అన్నాడు. మొదటిదానికి పెట్టిన పేరులో గెజినుంగే ఉంది. అది చదువుతుంటే నాకు మా జిల్లానే యాదికొచ్చింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగిన పోలీసు చర్య జరిగాక, సంగపోళ్లు నడుపుతున్న రైతుల సాయుధ పోరు ఆపాలని రావి నారాయణరెడ్డి అన్నాడు, ఆపొద్దని ఇంకొందరన్నారు. అటువాళ్లూ ఇటువాళ్లూ సంగపోళ్లే, అందరి దిక్కూ ఒకటే. పోరు ఆగింది 1951 అక్టోబరులో. ఆ మూడేండ్లలో పోయిన ప్రాణాలను తలుచుకుంటే ఆపమన్నవాళ్ల వైపే నా మనసు పోతుంది. కానీ అడవిలో ఉన్నవాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు.

గెజినుంగ్‌కు చీకటి ముఖం కూడా ఉంది. 1972లో పశ్చిమ జర్మనీలో ప్రభుత్వ కొలువు కోరినవాళ్ల రాజకీయ నమ్మకాలను ఆరా తీశారు. దాన్ని వ్యతిరేకించినవాళ్లు ‘గెజినుంగ్స్‌ష్నుఫెలై’ అన్నారు, మనసును కుక్కలా వాసన చూడటమని. అదే వాసన మా ఊళ్లూ ఎరుగును. 1948 తరువాత మిలిటరీ క్యాంపుల్లో అడిగిన ప్రశ్న ఒకటే: “నువ్వు సంగపోడివా?”

అంతవరకూ గర్వంగా చెప్పుకున్న మాట అది. నా చిన్నతనంలో, అన్నేండ్ల తరువాత కూడా, ఆ మాట అనే ముందు నాయనమ్మ వాకిలి దిక్కు ఒకసారి చూసేది.