ఒక మూల కడిగి చూపించమనండి
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మనలో చాలామంది పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లివస్తున్నాం. అక్కడ ఇంటి వెనుక చెక్కలతో వేసిన అరుగును డెక్ అంటారు. ఎండకూ వానకూ అది బూడిద రంగుకు తిరుగుతుంది. చెడేది చాలావరకు పై పొరే. లోపలి చెక్క గట్టిగానే ఉండవచ్చు.

మా అమ్మాయి ఇంటికి అంచనా వేయడానికి వచ్చిన పనివాడు మాటలతో సరిపెట్టలేదు. ఒక మూల అడుగు మేర సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన నీళ్లు పోసి, పావుగంట ఆగి, బ్రష్‌తో రుద్ది కడిగాడు. బట్టల మరకలు తీసే పొడుల్లో ఉండేది అదే. తర్వాత ఆక్సాలిక్ ఆమ్లం పూస్తే మేకుల చుట్టూ ఉన్న నల్లమరకలు పోయి, చెక్క అసలు రంగు తేలింది.

మేం సంతోషిస్తుండగానే, డెక్‌ను ఇంటి గోడకు బిగించిన దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చాడు. మొన దిగిపోయింది! "ముందు ఇది మార్చాలి, రంగు సంగతి తర్వాత" అన్నాడు. మా మనవలు రోజూ ఆడుకునేది దానిమీదే.

అయ్యా, కడిగిన మూల అందం చూపిస్తుంది, బలం చూపించదు. రెండూ అడగాలి. 2003కు ముందు వేసిన డెక్ అయితే చెక్కకు ఆర్సెనిక్ మందు పట్టించి ఉండవచ్చు. గీకిన పొడి పిల్లలకు తగలనీయరాదు.

ఇక్కడ మన టేకు తలుపులకు, ఉయ్యాల బల్లలకు పాలిష్ పెట్టించేటప్పుడు కూడా ఇదే పద్ధతి. కనపడని చోట నమూనా చేయించండి. తడి ఆరాకే చూడండి; తడిసిన చెక్క ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి. పెన్షన్ డబ్బు మొత్తం ముందే చేతిలో పెట్టకండి.

సెలవు.