వాయిదాల వాకిలి

(విజయవాడలోని యొక పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. వాయిదా యను మాటకు గల బరువు మాకు నిత్యానుభవము. వ్యాజ్యమును కొట్టివేసినచో వాది పై కోర్టునకు పోవచ్చును. కొట్టివేయక, డిక్రీ యీయక, వాయిదాపై వాయిదా వేయుచుండినచో అతడెక్కడికి పోవలెను? ఐక్యరాజ్యసమితి వాకిట ఇట్టి కథ యొకటి జరిగినది. అందు మన ప్రభుత్వమునకును పాలు గలదు గనుక ఈ సాయంకాలము దానిని ముచ్చటింప దలచితిమి.

ముందుగా మనమే వెలుపల నిలిచిన దినములను జ్ఞప్తికి దెచ్చుకొందము. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సమితి ఛార్టరును వ్రాయుటకు దేశములు కూడినపుడు భారతదేశము పేర లోపల కూర్చున్నది బ్రిటిషు ప్రభుత్వము నియమించిన బృందము. దానికి నాయకుడు ఆర్కాటు రామస్వామి మొదలియారు గారు. విజయలక్ష్మీ పండిట్ గారు ఏ హోదాయు లేక వెలుపలనుండియే, ఆ బృందము భారత ప్రజలకు ప్రతినిధి కాదని లోకమునకు చాటిరి. మరుసటి యేడు దక్షిణాఫ్రికా భారతీయుల దుస్థితి సమితి ముందునకు వచ్చెను. నేటాలు ఇండియన్ కాంగ్రెసు పక్షమున సొరాబ్జీ రుస్తుంజీ, హెచ్. ఏ. నాయుడు గార్లు న్యూయార్కునకు పోయిరి. నేటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా నోడలెక్కిన మన తెలుగువారి బిడ్డల గోడు కూడ ఆ వ్యాజ్యములో నున్నది. సభలో వారికి పీఠము లేదు. అయినను అప్పటికి మన ప్రతినిధివర్గమునకు నాయకురాలు పండిట్ గారే! ఇది మా యింటి వ్యవహారము, పరులకు పనిలేదని దక్షిణాఫ్రికా ప్రభుత్వము వాదించెను. ఆ వాదమును మన దేశము త్రోసివేసినది. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు.

ఛార్టరు 71వ అధికరణము ప్రకారము సమితి యొక్క ఆర్థిక సాంఘిక మండలి ప్రభుత్వేతర సంస్థలను సంప్రదించుటకు ఏర్పాట్లు చేసికొనవచ్చును. (ఆ మండలికి తొలి యధ్యక్షుడు పైని జెప్పిన మొదలియారు గారే యగుట చరిత్ర చమత్కారము.) హోదా పొందిన సంస్థ సభలకు పోవచ్చును, వ్రాతమూలకముగా నివేదించుకొనవచ్చును, కొన్ని యెడల మాటాడవచ్చును, వోటు మాత్రము లేదు. అట్టి సంస్థలు నేడు ఆరువేలకు పైగా గలవు. దరఖాస్తులను పరిశీలించునది 19 దేశముల సంఘము. 2023-26 కాలమునకు కూడ మన దేశము దానికి ఎన్నికైనది. ఆ సంఘము వాడుకగా ఏకాభిప్రాయముతో నడచును. ఒక్క సభ్యదేశము ఒక్క ప్రశ్న వేసిన చాలును, దరఖాస్తు తరువాతి సమావేశమునకు పోవును. జవాబు రాగానే మరియొక ప్రశ్న. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన పెద్దలు ఊరక యనలేదు.

కోపెన్‌హేగన్ కేంద్రముగా కులవివక్షపై పనిచేయు అంతర్జాతీయ దళిత సంఘీభావ సంస్థ 2008లో ఈ హోదాను కోరినది. మన ప్రతినిధుల ప్రశ్నల పరంపరచే అది వాయిదా పడుచు వచ్చి, తుదకు 2022 డిసెంబరులో మండలియే వోటు తీసికొని హోదా నిచ్చెను. తిరస్కరించి యుండినచో కారణమైనను తెలిసియుండును. ఇంతకాలము వారికి తిరస్కారమును లేదు, అంగీకారమును లేదు.

ఇది దూరపు ముచ్చట యనుకొనకుడు. తెనాలి చెంతనున్న చుండూరు మన డెల్టా గ్రామమే. 1991 ఆగస్టు 6వ తేదీన అచ్చట ఎనిమిదిమంది దళితులు హతులైరి. బాధితులు పట్టుబట్టగా ప్రత్యేక న్యాయస్థానము ఆ గ్రామమునకే కదలి వచ్చెను. 2007లో శిక్షలు పడినవి. 2014లో హైకోర్టు వానిని కొట్టివేసెను. ఆ తీర్పు మంచిచెడ్డలను ఇచ్చట విచారింపబోము. కాని అట్టి కుటుంబముల పక్షమున మాటాడువారికి లోకసభలో ఒక మూల నిలుచుటకు చోటు కోరు హక్కు లేదని చెప్పుటకు మాకు నోరాడదు.

ఇంటిగుట్టు రచ్చకీడ్వరాదని కొందరు మిత్రు లందురు. 2001లో డర్బను మహాసభయందు కులము జాతి కాదని మన ప్రభుత్వము వాదించెను. తుది ప్రకటనలో కులము పేరే లేదు. జాతియా కాదా యనునది పండితులు తేల్చుకొందురుగాక. 1946లో మనము త్రోసివేసిన వాదమును మనమే చేపట్టుట మాత్రము మాకు సిగ్గుగా నున్నది. బూటకపు సంస్థలు లేకపోలేదు. ప్రభుత్వములే వెనుకనుండి నడుపునవియు గలవు. కావున విచారణ యవసరమే. ఆ విచారణకు అంతముండవలెనని మాత్రమే మా కోరిక.

మేము కోరునది స్వల్పము. ప్రశ్నలన్నియు ఒక్కమారే వేయవలెను. రెండు సమావేశములు గడచిన పిమ్మట వోటు తీసికొనవలెను. కాదన్నచో కారణమును వ్రాసి యీయవలెను. మన ప్రతినిధి ఈ నియమములను తానే ప్రతిపాదింపవలెనని విదేశాంగ శాఖకు పంపదలచిన వినతిపత్రము ఆ బల్లమీద నున్నది. చదివి, సమ్మతించినవారు చేవ్రాలు చేయుడు. పరుషముగా దోచిన మాటలను దిద్దుటకు ప్రక్కనే పెన్సిలు కూడ నుంచితిమి.